గొంతు పోయిన రేడియోలు

"లైటు వెలుగుతోందండీ, పచ్చకన్ను కూడా ఆడుతోంది. మాట మాత్రం రావట్లేదు."

మా మేనమామ రేడియో కొట్టుకి వచ్చే ఫిర్యాదుల్లో ఆయనకి అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ఆ రెండు ముక్కల్లోనే సగం జబ్బు తెలిసిపోయేది. పచ్చకన్ను అంటే మ్యాజిక్ ఐ వాల్వు. ముల్లు స్టేషను మీదికి వచ్చేకొద్దీ దాని నీడ సన్నబడుతుంది. అది ఆడుతోందంటే ఏరియల్ దగ్గర్నుంచి డిటెక్టరు దాకా అంతా సవ్యంగా ఉన్నట్టే, విజయవాడ కేంద్రం సెట్టులోకి వచ్చేసినట్టే. తప్పు ఆ తర్వాత ఎక్కడో ఉంది. స్పీకరు దగ్గర చెవి పెడితే మామూలుగా వినిపించే సన్నటి గుర్రు కూడా లేదనుకోండి, మావయ్య వెనక అట్ట విప్పి, కొట్టులో లైటు ఆర్పించి, చివరి వాల్వు వంక చూసేవాడు. గాజు లోపల తీగచుట్ట ఎర్రగా కాలుతూ కనిపిస్తే "ఆపెయ్ అల్లుడూ!" అని కేకేసేవాడు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోయిందన్నమాట.

ఆ ఎరుపు ఊరికే రాదు. చివరి వాల్వులో ఆనోడుకి హైటెన్షన్ కరెంటు ఆ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలోంచే వెళ్లాలి. చుట్ట తెగితే ఆనోడుకి దారి లేదు. పక్కనున్న స్క్రీన్ గ్రిడ్‌కి మాత్రం వేరే దారి ఉంటుంది గనక, ఇద్దరి భారమూ అది ఒక్కతే నెత్తినేసుకుని ఎర్రబడుతుంది. అలాగే వదిలేస్తే ట్రాన్స్‌ఫార్మర్‌తోబాటు వాల్వూ పోతుంది. అందుకే ఆ కేక.

కొట్టు తెనాలిలో, బోసు రోడ్డు మీద. నేను చెబుతున్నది 1960లు, 70ల మొదటి నాటి సంగతి. బడి వదలగానే నేరుగా అక్కడికే పోయేవాణ్ణి. ముందు బల్ల మీద బోర్లా పడుకోబెట్టిన చాసిస్‌లు, వాటికి దారంతో కట్టిన చీటీలు. వెనక గోడకి మేకుల మీద వరసగా వేలాడే ట్రాన్స్‌ఫార్మర్లు. గాల్లో ఎప్పుడూ సోల్డరింగు రోజను పొగ, కాలిన మైనం వాసన. మర్ఫీ, ఫిలిప్స్, బుష్, హెచ్చెమ్వీ, నేషనల్ ఎకో, జీయీసీ సెట్లన్నీ అక్కడికి వచ్చేవి. ఊళ్లోవాళ్లు రిక్షాలో ఒళ్లో పెట్టుకుని తెచ్చేవాళ్లు. పల్లెల నుంచి బండిలో గడ్డి పరిచి, దుప్పటి చుట్టి తెచ్చేవాళ్లు. చాలా సెట్లకి ఇంటావిడ కుట్టిన గుడ్డ గలీబు కూడా ఉండేది. దాన్ని మడతపెట్టి జాగ్రత్తగా దాచడం నా పని. సెట్టు బాగై గలీబు పోతే మావయ్యకి మర్యాద దక్కేది కాదు.

రేడియో అప్పుడు ఇంట్లో సామాను కాదు, కాగితాలున్న ఆస్తి. 1933 నాటి చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా రేడియో ఉంచుకోకూడదు. ఏటా పోస్టాఫీసుకి వెళ్లి రుసుం కట్టి, పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. ఈ తతంగం 1980ల దాకా సాగింది. పుస్తకం సెట్టు వెనకే దోపుకుని వచ్చేవాళ్లు కొందరు. అటువంటి వస్తువు మూగబోతే ఇంటి దినచర్యే తప్పిపోయేది. పొద్దున్న భక్తిరంజని లేదు, ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు లేవు, ఆదివారం నాటకం లేదు. పక్కింటి అరుగు మీద కూర్చుని వినొచ్చు గానీ ఎన్నాళ్లని? అందుకే "ఎప్పుడిస్తారు?" అన్న ప్రశ్న "ఎంతవుతుంది?" కంటే ముందు వచ్చేది.

ఈ ట్రాన్స్‌ఫార్మర్ చేసే పని ఏమిటో రైతులు అడిగితే మావయ్య కాడి లెక్కలో చెప్పేవాడు. "బాబాయ్, కోడెదూడ మెడ మీద దున్నపోతు కాడి పెడితే అరక నడుస్తుందా? ఈ వాల్వు ఒక రకం పశువు, ఆ స్పీకరు ఇంకో రకం. రెంటికీ కుదిరే కాడి ఇది." వాళ్లకది చాలు. నాకు మాత్రం పలక మీద లెక్క చేసి చూపించేవాడు. వాల్వు ఎక్కువ వోల్టేజీ మీద కొద్ది కరెంటుతో పనిచేస్తుంది. స్పీకరు చుట్టకి తక్కువ వోల్టేజీ, ఎక్కువ కరెంటు కావాలి. 6వీ6 వాల్వు తన ఎదుట 5,000 ఓంల భారం ఉంటేనే 250 వోల్టుల మీద నాలుగున్నర వాట్లు ఇస్తుంది. ఈఎల్84 కి 5,200. స్పీకరు చూస్తే మూడు ఓంలు, లేకపోతే అయిదు. 5,000ని మూడుతో భాగిస్తే 1,667. దానికి వర్గమూలం సుమారు 41. అంటే స్పీకరు వైపు ఒక చుట్టు ఉంటే వాల్వు వైపు 41 చుట్లు ఉండాలి. వర్గమూలం దేనికి పనికొస్తుందో నాకు లెక్కల మాస్టారి కంటే ముందు ఈ కొట్టే చెప్పింది.

గోడ మీద ఒక అట్ట ఉండేది. దాని మీద ఏ వాల్వుకి ఎన్ని ఓంలో మావయ్య తన చేత్తో రాసుకున్నాడు. ఏసీ డీసీ రెంటి మీదా ఆడే సెట్లలో వచ్చే యూఎల్84 కి 2,400 చాలు, తక్కువ వోల్టేజీ మీద ఎక్కువ కరెంటు లాగే రకం అది. కరెంటు లేని ఊళ్ల బ్యాటరీ సెట్లలో ఉండే డీఎల్96 కి 13,000 కావాలి. దాని రాబడి వాటులో అయిదో వంతు. ఆ సెట్లు 90 వోల్టుల ప్యాకు బ్యాటరీ మీద నడిచేవి. బ్యాటరీ ఖరీదు తలుచుకుని జనం వార్తలకి పెట్టి, వార్తలు కాగానే కట్టేసేవాళ్లు. వాటి ట్రాన్స్‌ఫార్మర్ ఉసిరికాయంత. దాని తీగ వెంట్రుక లాంటిది. అది తీసి ఈఎల్84 సెట్టుకి బిగిస్తే, 48 మిల్లీ యాంపుల కరెంటు పారేసరికి పొగ వస్తుంది. కొత్తగా పని నేర్చినవాళ్లు వేరే కొట్లలో ఇలా బిగించినవి మా దగ్గరికి వచ్చేవి. "ఓటీ మార్చాం, మళ్లీ పోయింది" అని చీటీ మీద రాసి ఉండేది. మా వాడుకలో దాని పేరు ఓటీ.

మళ్లీ పోవడానికి అసలు కారణం చాలాసార్లు ఓటీలో ఉండదు. ఈ సంగతి తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్యే మెకానిక్కులు రెండు తెగలుగా చీలిపోయేవారు. చివరి వాల్వుకి ముందున్న వాల్వు నుంచి ధ్వనిని దాటించే చిన్న కప్లింగ్ కండెన్సర్ ఒకటి ఉంటుంది. ఆ రోజుల్లో అది కాగితమూ మైనమూ కలిసిన గొట్టం. మా డెల్టా తేమకి, ఏళ్లు గడిచేసరికి అది కారడం మొదలెట్టేది. ధ్వనితోబాటు హైటెన్షన్ కూడా కొద్దికొద్దిగా చివరి వాల్వు గ్రిడ్‌ మీదికి దిగేది. గ్రిడ్ రుణ వోల్టేజీలో ఉంటేనే వాల్వు అదుపులో ఉంటుంది. అదుపు తప్పితే కరెంటు రెట్టింపవుతుంది, సన్నతీగ వేడెక్కుతుంది, ఏదో ఒక సాయంత్రం తెగుతుంది. పాత కండెన్సర్ని అలాగే ఉంచి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ బిగిస్తే రెండోది కూడా అదే దారి పడుతుంది. ఖాతాదారు మళ్లీ బండి కట్టుకుని వస్తాడు.

అందుకని మావయ్య కొత్త ఓటీ చేతిలోకి తీసుకునే ముందు పాతది ఎందుకు పోయిందో తేల్చేవాడు. చుట్ట విప్పి చూస్తే తెలిసేది. మైనం కరిగి, కాగితం నల్లబడి ఉంటే కరెంటు ఎక్కువై కాలింది. కాగితం తెల్లగానే ఉండి తీగ ఒక్కచోట పచ్చటి చిలుము పట్టి తెగి ఉంటే అది తేమ పని. హైటెన్షన్‌లో ఉన్న రాగి తీగ, చుట్టూ తడిసిన కాగితం, మధ్యలో ఇనుము కలిస్తే చాలు, చిలుము రాగిని మెల్లమెల్లగా తినేస్తుంది. సెట్టు వాడకపోయినా కొంత తింటుంది గానీ వాడేటప్పుడు ఎక్కువ. సముద్రం వైపు ఊళ్ల నుంచి వచ్చే సెట్లలో ఈ పచ్చ మచ్చలు తరచుగా కనిపించేవి. మూడో కారణం పిల్లల పని. స్పీకరు తీగ ఊడదీసి, సెట్టు పెట్టి, గట్టిగా తిప్పితే, భారం లేని చుట్టలో వోల్టేజీ ఎగిసి లోపల ఎక్కడో మెరుస్తుంది. చూడ్డానికి ఏమీ కనిపించదు. మర్నాటికి పోతుంది.

కారణం తేలాక ఎంపిక. ముందు స్పీకరు కొలవాలి. మీటరు పెడితే 2.4 ఓంలు చూపించిందనుకోండి, దానికి పావు వంతు కలిపితే మూడు. మీటరు చూపేది తీగ అడ్డు మాత్రమే, పాట వచ్చేటప్పుడు ఉండే భారం దానికంటే కొంచెం ఎక్కువ. తర్వాత గోడ మీద వేలాడే వాటిలోంచి ఒకటి దింపి, బల్బు వరసలో పెట్టి, 230 వోల్టులు పెద్ద చుట్టకి ఇచ్చి చిన్న చుట్ట వైపు కొలిచేవాడు. అయిదున్నర వోల్టుల దగ్గర వస్తే నలభై ఒకటి నిష్పత్తి, 6వీ6 కి, మూడు ఓంల స్పీకరుకి సరిపోయినట్టే. అటుదిటు చేసి చిన్న చుట్టకి కరెంటు ఇవ్వకూడదు. అటువైపు వేల వోల్టులు లేస్తాయి. ఆ మాట చెప్పేటప్పుడు మావయ్య నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పేవాడు.

నిష్పత్తి అణాపైసలతో కలవాలన్న పట్టుదల ఆయనకి లేదు. 41 కావలసినచోట 38 దొరికినా, 45 దొరికినా పెట్టేసేవాడు. చెవికి తేడా తెలియదు, వాల్వుకి హాని లేదు. ఆయన పట్టుదలంతా ఇనుము మీద. అరచేతిలో పెట్టుకుని బరువు చూసేవాడు. ఇప్పుడు పాత రేడియోలు బాగుచేసుకునే కుర్రాళ్లు ఓంల లెక్క మీద గంటలు వాదించుకోవడం చూస్తుంటాను. ఇనుమెంత, తీగెంత లావు, ఎన్ని మిల్లీ యాంపులు మోస్తుంది అని ఎవరూ అడగరు. నా మటుకు నాకు మావయ్య వరసే సరైనదనిపిస్తుంది. ఓంలు కొంచెం తప్పినా పాట వినొచ్చు. ఇనుము చాలకపోతే ఏం చేసినా వినలేం.

ఇనుము సంగతిలో ఇంకో మెలిక ఉంది. ఇంట్లో వాడే మామూలు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లో ప్రవాహం అటూ ఇటూ ఊగుతుంది. రేడియో ఓటీలో ధ్వనితోబాటు వాల్వు తాగే స్థిరమైన కరెంటు కూడా ఎప్పుడూ ఒకే దిక్కుకి పారుతుంటుంది. దాంతో ఇనుము ఒక పక్కకి నిండిపోయి, పైన వచ్చే మంద్రస్వరాలకి చోటు మిగలదు. అందుకని ఇంగ్లీషు 'E' ఆకారపు ఇనప రేకులు, అంటే స్టాంపింగులన్నీ ఒక వైపు, 'I' ఆకారపు పట్టీలన్నీ ఇంకో వైపు పేర్చి, రెంటి మధ్య పలచటి కాగితం పెడతారు. ఆ కాగితమంత ఖాళీయే ఇనుముని ఊపిరాడనిస్తుంది. మా కొట్లో నోటుపుస్తకం కాగితం మడతపెట్టి వాడేవాళ్లం.

మా దగ్గర సరైనది లేకపోతే పాత బాబిన్ బెజవాడ పంపించేవాళ్లం. గవర్నరుపేటలో ఫ్యాన్లకీ మోటార్లకీ వైండింగు చేసేవాళ్లు ఉండేవారు. చేత్తో తిప్పే యంత్రం, దానికి చుట్లు లెక్కపెట్టే మీటరు, పొర పొరకీ మధ్య బటర్ పేపరు. మూడు వేల చుట్లు సన్నతీగ, దాని మీద 75 చుట్లు లావు తీగ. చుట్టడంలో వాళ్లకి వంక పెట్టనక్కర్లేదు. తిరిగి స్టాంపింగులు పేర్చేటప్పుడే అలవాటు కొద్దీ ఒకటి ఇటు, ఒకటి అటు ఎక్కించి బిర్రుగా బిగించేసేవారు. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లకి అదే పద్ధతి మరి. అలా వచ్చినదాన్ని సెట్టులో పెడితే మాట వచ్చేది గానీ గొంతు పీలగా, టెలిఫోనులో మాట్లాడినట్టుండేది. మావయ్య ఏమీ అనకుండా మళ్లీ విప్పి, స్టాంపింగులు వేరుచేసి, కాగితం పెట్టి, మైనంలో మరిగించేవాడు. మైనంలోంచి బుడగలు రావడం ఆగేదాకా ఉంచాలి. బుడగ వస్తోందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టు. ఆ గిన్నె దగ్గర కూర్చుని కాపలా కాయడం కూడా నా పనే. అత్తయ్య చూడకుండా ఇంట్లోంచి తెచ్చిన గిన్నె అది.

ఫిలిప్స్ సెట్లలో కొన్నిటి దగ్గర జాగ్రత్త పడాల్సి వచ్చేది. వాటి ఓటీలో పెద్ద చుట్టకి రెండు కొసలే కాదు, మధ్యలోంచి మూడో తీగ కూడా వస్తుంది. హైటెన్షన్ ఆ మధ్య తీగకి ఇస్తారు. ఒక వైపు పెద్ద భాగం ఆనోడుకి, ఇంకో వైపు చిన్న భాగం స్క్రీన్‌కీ మిగతా వాల్వులకీ. వడకట్టగా మిగిలిన గురగుర రెండు భాగాల్లోనూ ఎదురెదురుగా పారి ఒకదాన్నొకటి చంపుకుంటుంది. పెద్ద ఫిల్టర్ కండెన్సర్ ఖర్చు లేకుండా చప్పుడు తగ్గించే ఉపాయమది. అది తెలియక మూడో తీగ కత్తిరించి మామూలు ఓటీ పెట్టేస్తే పాట వెనక తుమ్మెద రొదలా మోగుతూనే ఉంటుంది. అప్పుడు ఫిల్టరు పెంచాలి, లేదా మధ్య తీగ ఉన్నదే వెతకాలి. ఇంకొన్ని పెద్ద సెట్లలో స్పీకరు వైపు నుంచి కొంత ధ్వనిని వెనక్కి పంపే ఏర్పాటుంటుంది. అక్కడ కొత్త ఓటీ తీగలు తారుమారైతే సెట్టు ఒక్కసారిగా ఊళ పెడుతుంది. రెండు తీగలు మార్చి అతికితే ఊరుకుంటుంది. ఖాతాదారు ఎదురుగా అలా ఊళ పెట్టినప్పుడు మావయ్య నవ్వుతూ "బతికే ఉంది" అనేవాడు.

బిగించే చోటు కూడా ముఖ్యమే. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే, దానికి సమాంతరంగా పెడితే దాని గురగుర దీనిలోకి ఎక్కుతుంది. అందుకని కన్నాలు తొలిచే ముందు చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, చప్పుడు ఎక్కడ తగ్గుతుందో అక్కడ గీత గీసేవాళ్లం.

ఇదంతా అయ్యాక అసలు పరీక్ష. మావయ్యకి పరికరాలు తక్కువ. ఒక మీటరు, ఒక సిగ్నల్ జనరేటరు, మిగతాదంతా ఆకాశవాణి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బాలమురళీకృష్ణ పనిచేసిన కేంద్రం అది. అక్కడి సంగీత కచేరీలే మా కొట్టుకి కొలబద్ద. పాడేవాడి గొంతు కాదు, మృదంగం వినమనేవాడు. కుడి వైపు దెబ్బలు ఏ డొక్కు సెట్టులోనైనా వినిపిస్తాయి. రవ్వ ముద్ద పెట్టిన ఎడమ తొప్పి మోగి, ఆ గుమకం కాసేపు నిలబడితేనే ఓటీలో ఇనుము సరిపోయినట్టు. తొప్పి దెబ్బ టక్కుమని తెగిపోతే మళ్లీ విప్పు. పై స్వరాలకి వార్తలు. కందుకూరి సూర్యనారాయణ, పన్యాల రంగనాథరావు వార్తలు చదువుతుంటే స, శ, ష వేరువేరుగా వినపడాలి. మూడూ కలిసిపోతే ఓటీ మీద అడ్డంగా ఉండే టోన్ కండెన్సర్ విలువ ఎక్కువైనట్టు. ఆ కండెన్సర్ షార్టయినా ఓటీ పోయినట్టే అనిపిస్తుంది, వాల్వులో ఆ ఎరుపు మాత్రం కనిపించదు. అందుకే దాన్ని ఒక కొస ఊడదీసి చూడకుండా ఓటీ మీద తీర్పు చెప్పకూడదు.

పాట వినిపించి సెట్టు ఇచ్చేవాళ్లం. ఖాతాదారులు కూడా ఊరికే తీసుకెళ్లేవారు కాదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ముల్లు అటూ ఇటూ తిప్పి, మద్రాసు, హైదరాబాదు, సిలోను చూసి, "మా సెట్టు గొంతు ఇది కాదండీ, ఇంకొంచెం బరువుగా ఉండేది" అనేవాళ్లు. ఇది ఇప్పటివాళ్లకి నమ్మశక్యంగా ఉండదేమో గానీ, ఎవరి రేడియో గొంతు వాళ్లకి తెలుసు. ఒక రిటైర్డు తెలుగు పండితుడు ఇంటికి తీసుకెళ్లిన సెట్టుని సాయంత్రానికల్లా తిరిగి తెచ్చారు. మావయ్య మారుమాట్లాడకుండా వేరే ఓటీ వేసి ఇచ్చాడు. ఆయన చెప్పింది నిజమేనని ఆయన వెళ్లాక నాతో అన్నాడు.

ట్రాన్సిస్టర్లు వచ్చాక ఈ పని మెల్లగా సన్నబడింది. మొదటి ట్రాన్సిస్టర్ సెట్లలోనూ ఓటీ ఉండేది గానీ అది వేలెడంత. తక్కువ వోల్టేజీ, భయం లేని పని. తర్వాత అదీ లేకుండా పోయింది. 1977లో హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలయ్యాక పెద్ద రేడియో ముందు గది బల్ల దిగి అటకెక్కింది. బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాల్వులు కూడా దొరకడం తగ్గింది. మావయ్య టేప్ రికార్డర్లకి మారాడు, మనసు పెట్టలేదు. గోడ మీది ట్రాన్స్‌ఫార్మర్లు తూకానికి వెళ్లాయి. రాగి ఒక ధర, ఇనుము ఒక ధర.

ఇవాళ వాల్వు సెట్టుకి ఓటీ కావాలంటే దారులు లేకపోలేదు. హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీ, మద్రాసు రిచీ స్ట్రీట్, బొంబాయి లామింగ్టన్ రోడ్డు తిరిగితే పాత సరుకు అప్పుడప్పుడు తగులుతుంది. ఓటీ అని అడిగితే ట్రాన్సిస్టర్ సెట్టుది చేతిలో పెడతారు, వాల్వుదని విడమరిచి అడగాలి. చుట్టించుకోవచ్చు, కాగితం ఖాళీ సంగతి చెప్పి మరీ. మావయ్యకి అవసరం పడని మూడో దారి ఒకటుంది. గుడి మైకుల్లో, సభల మైకుల్లో వాడే వంద వోల్టుల లైను ట్రాన్స్‌ఫార్మర్. దాని మీద ఓంలు రాసి ఉండవు, వాట్లు రాసి ఉంటాయి. వందని వందతో గుణించి ఆ వాట్లతో భాగిస్తే ఓంలు వస్తాయి. రెండు వాట్ల తీగ దగ్గర 5,000, నాలుగు వాట్ల దగ్గర 2,500, ఒక వాటు దగ్గర 10,000. అంటే దాదాపు ప్రతి వాల్వుకీ ఏదో ఒక తీగ కుదురుతుంది. ఒకటే లోటు. దాని ఇనుములో కాగితం ఖాళీ ఉండదు. కాబట్టి కావలసినదానికంటే పెద్దది, పది వాట్లదో పదిహేను వాట్లదో తీసుకుని అందులో రెండు వాట్ల తీగ వాడాలి. తొప్పి గుమకం కొంత తగ్గుతుంది. వార్తలకి ఢోకా లేదు.

మీ ఇంట్లో అటక మీద అలాంటి సెట్టు ఉంటే ఒకటి రెండు మాటలు. దింపగానే ప్లగ్గు పెట్టకండి. ఏసీ డీసీ సెట్లలో చాసిస్‌కే కరెంటు తగులుతుంది, వెనక అట్ట లేకుండా ముట్టుకోవద్దు. మెకానిక్కు దగ్గరికి తీసుకెళితే ముందు ఆ కప్లింగ్ కండెన్సర్ మార్చమనండి, ఆ తర్వాతే ఓటీ మాట. కాలిపోయిన పాత ఓటీని ఆయన చెత్తబుట్టలో వేయబోతే ఆపి, సంచిలో వేసి ఇంటికి తెచ్చుకోండి. చుట్టేవాడికి దాని బాబిన్ కొలతా, తీగ లావూ, చుట్ల లెక్కా, మధ్య తీగ ఎక్కడ తీశారన్నదీ అందులోంచే దొరకాలి. ఆ స్టాంపింగులు కూడా తిరిగి వాడుకోవచ్చు. ఇనుముకి ఏమీ కాదు.